వింటి వీపుకు పట్టీ వేసే ముందు కడుపు కట్టెను చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. చేతితో చేసుకునే కట్టె విల్లుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివాను. మన సీమ పిల్లలు సెలవుల్లో చిత్రిక, ఆకురాయి పట్టుకుని ఏదైనా ఒక వస్తువును సొంతంగా తయారు చేయాలన్న వ్యాసకర్త కోరిక నాకు ఎంతో నచ్చింది. జాతీయ పోటీలలో ఇండియన్ రౌండ్ పేరుతో 30, 50 మీటర్ల దూరాలకు వెదురు విల్లులు, కట్టె విల్లులతోనే గురి చూసే విభాగం ఉంది కాబట్టి, ఈ పని మీద ఆసక్తి కలగడం పిల్లలకు మేలే చేస్తుంది. అయితే ఆ వ్యాసంలో "వీపుకు ఎంత బలమైన పట్టీ అతికిస్తే విల్లు అంత భద్రంగా ఉంటుంది" అన్న ఒక వాక్యం ఉంది. విల్లును లాగినప్పుడు గురివైపు ఉండే ముఖాన్ని వీపు అనీ, విలుకాడి వైపు ఉండే ముఖాన్ని కడుపు అనీ అంటాం. దాన్ని నమ్మి చేసిన విల్లు పిల్లవాడి ముఖం మీద విరిగే ప్రమాదం ఉంది. వడ్రంగం నేర్పే ఉద్యోగం చేసి విరమించిన వాడిగా, పాతికేళ్ళుగా విల్లులు చేస్తున్న వాడిగా ఆ వాక్యాన్ని సరిదిద్దమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత వేసవిలో మా మేనకోడలి కొడుకు, పదహారేళ్ళవాడు, వేపకట్టెతో ఒక విల్లు చేశాడు. ఇటువంటి సలహానే ఎవరో చెప్పగా విని, ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న వెదురు బద్దను దాని వీపుకు అతికించాడు. మొదటి రోజు బాణాలు చక్కగా పోయాయి. రెండో వారానికి నారి విప్పినా విల్లు నిటారుగా లేవడం మానేసి వంగే ఉండిపోసాగింది. మూడో వారం పిడికి జానెడు పైన, కడుపు మీద, అడ్డంగా వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. వాడు వాటిని గోటి గీతలనుకున్నాడు. ఒక సాయంత్రం నారిని చెవిదాకా లాగి పట్టినప్పుడు సరిగ్గా ఆ గీతల దగ్గరే విల్లు రెండుగా విరిగి, పై ముక్క వాడి చెంపను గీరుకుంటూ పోయింది. కంటికి రెండు వేళ్ళ దూరంలో తగిలిన దెబ్బ అది. "తాతా, వీపుకు అంత గట్టి వెదురు వేశాను కదా, మరి ఎందుకు విరిగింది?" అని వాడు అడిగినప్పుడు, గట్టిది వేసినందుకే విరిగిందని చెప్పి నమ్మించడానికి నాకు ఆ రాత్రంతా పట్టింది.

విల్లును లాగినప్పుడు గురివైపు ఉండే ముఖాన్ని వీపు అనీ, విలుకాడి వైపు ఉండే ముఖాన్ని కడుపు అనీ అంటాం. విల్లును లాగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది, నడుమ ఎక్కడో సాగనీ నలగనీ ఒక పొర ఉంటుంది. లోపలి నార, అంటే పీచు, తెగకుండా తిన్నగా ఉన్న ఎండుకట్టె నలుగుడుకన్నా సాగుడును దాదాపు రెండు మూడు రెట్లు ఎక్కువగా ఓర్చుకుంటుంది. అంటే మంచి కట్టెకు పుట్టుకతోనే వీపు బలమైనది, కడుపు బలహీనమైనది. అయినా విల్లులు వీపు వైపే ఎక్కువగా ఎందుకు విరుగుతాయంటే, చెక్కేటప్పుడు మనం వీపు మీది నారను కోసేస్తాం కాబట్టి. కోసిన చోట నార కొస పైకి లేస్తుంది, దానినే పనివాళ్ళు పేడు లేవడం అంటారు. ఒక పేడు లేచిందంటే దాని కింది పొర మీద భారం పడుతుంది, అది తెగితే ఆ కిందిది, అలా రెప్పపాటులో కడుపు దాకా పోతుంది. కనుక చాలా విల్లులకు వీపు పట్టీ చేయవలసిన మొదటి పని కట్టెకు కొత్త బలం ఇవ్వడం కాదు, ఆ మొదటి పేడును లేవనీయకుండా అదిమి పట్టడమే.

చలిదేశాల కట్టెలలో ఏటికొక వలయం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి పనివాళ్ళు ఒకే వలయాన్ని పట్టుకుని వీపంతా చెక్కి, ఏ పట్టీ లేకుండానే విల్లు చేయగలుగుతారు. ఇంగ్లండులో 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో దొరికిన విల్లులన్నీ యూ చెట్టు కట్టెతో చేసినవి. అందులో బెరడు కింది తెల్లకట్టె వీపుగా, లోపలి చేవ కడుపుగా నిలిచాయి. ప్రకృతే పట్టీ వేసి పంపిందన్నమాట. మన వేపలోనూ, నల్లతుమ్మలోనూ, చింతలోనూ వలయాలను అలా పట్టుకోవడం చాలా కష్టం, నార కూడా తరచు మెలి తిరిగి ఉంటుంది. కాబట్టి మన కట్టెలకు పట్టీ అవసరమన్న వ్యాసకర్త మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఏ పట్టీ, ఎంత మందం అన్న దగ్గరే మా దారులు వేరవుతాయి.

ముందుగా వెదురు సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరి చూపూ దాని మీదే ఉంటుంది. ఒంటిమిట్టలో మనం కొలిచే రాముడు కోదండరాముడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో విల్లుల పేర్లు చెప్పిన చోట తాటికట్టె విల్లును కార్ముకమనీ, వెదురు విల్లును కోదండమనీ, మామూలు కట్టె విల్లును ద్రూణమనీ, కొమ్ముతో చేసిన దాన్ని ధనుస్సనీ అన్నారు. ఏ తోడూ లేకుండా ఒంటరిగానే విల్లు కాగలిగినంత సత్తువ వెదురుది. ఆ సత్తువంతా పైచర్మం కింద నార దట్టంగా కూడుకున్న పొరలో ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ పీచు తగ్గి మెత్తబడుతుంది. అటువంటి పొరను మెత్తని కట్టె వీపుకు మందంగా ఎక్కిస్తే అది సాగదు. వీపు సాగనని మొండికేసినప్పుడు, సాగనీ నలగనీ ఆ నడిమి పొర వీపు వైపుకు జరిగి, వంపు భారమంతా కడుపు మీద పడుతుంది. వేపకట్టె ఆ నలుగుడును ఓర్వలేదు. మొదట అందులోని కణాలు నలిగి విల్లు వంగి ఉండిపోతుంది, తరువాత అడ్డగీతలు పడతాయి, ఆఖరికి విరుగుతుంది. మా పిల్లవాడి విల్లులో జరిగింది అక్షరాలా ఇదే.

అందువల్ల వెదురు వేయదలచినవారు మొదట తమ కడుపు కట్టె ఎలాంటిదో చూసుకోవాలి. బరువైన చింత చేవ, బాగా ఆరిన నల్లతుమ్మ చేవ వెదురుకు సాటి రాగలవు. తడ కట్టె దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. బండి కాడులకూ పనిముట్ల పిడులకూ పెద్దలు దాన్ని కోరి వాడింది దాని సాగే గుణం చూసే, సంస్కృతంలో ఆ చెట్టును ధనుర్వృక్షమన్నారు కూడా. కడుపు కట్టె బలమైనదైనా బద్ద మందం పిడి దగ్గర మూడు మిల్లీమీటర్లు మించనక్కర లేదు, కొప్పుల వైపు, అంటే నారి తగిలించే కొసల వైపు, పోయేకొద్దీ అందులో సగానికి తగ్గాలి. మందం పది శాతం పెరిగితే బిగువు మూడో వంతు పెరుగుతుందనీ, మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుందనీ గుర్తుంచుకుంటే ఒక్క మిల్లీమీటరు ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది. కడుపు కట్టె మీద కాస్త అనుమానం ఉన్నప్పుడు వీపు వెడల్పును కడుపు వెడల్పుకన్నా తగ్గించి, అడ్డకోత పైన ఇరుకుగా కింద వెడల్పుగా ఉండేలా రెండు అంచులూ వాలుగా చెక్కితే, వీపు బలం కొంత తగ్గి కడుపుకు ఊపిరి ఆడుతుంది. ఈ చిన్న ఉపాయం నాకు తెలిసేనాటికి నా విల్లులు నాలుగు పొయ్యిలోకి పోయాయి.

బద్దను ఎంచుకోవడంలో కూడా చూపు కావాలి. మన అడవుల్లో లాఠీలకు వాడే సన్నని గట్టి వెదురు లోపల దాదాపు నిండుగా ఉంటుంది, బలంలో దానికి వంక పెట్టలేం. కానీ బొంగు చుట్టుకొలత చిన్నది కావడంతో బద్ద చీరినప్పుడు వీపు గూనుగా వస్తుంది, ఆ గూను శిఖరం మీది సన్నని గీత లాంటి భాగమే సాగుడంతా మోయవలసి వస్తుంది. లావుగా పెరిగే ముళ్ళవెదురు బద్ద అంతకన్నా చదునుగా ఉంటుంది కనుక పట్టీకి అదే మేలు. మూడేళ్ళు దాటి ముదిరిన బొంగు కావాలి. లేత బొంగులో పిండిపదార్థం ఎక్కువగా ఉండి పుచ్చు పట్టి పిండి రాలుతుంది. పైనున్న మైనపు పచ్చదనాన్ని మాత్రమే చాకు అంచుతో గీకాలి, దాని కింది నారను తాకకూడదు. కణుపుల దగ్గర ఉబ్బు ఎబ్బెట్టుగా ఉందని చిత్రిక పట్టి చదును చేసేవాళ్ళు చాలామంది. కణుపును చదును చేయడమంటే అక్కడ నారను తెగగోయడమే, విల్లు మొదట విరిగేది అక్కడే. లోపలి వైపును చదును చేయడానికి మన ఇళ్ళలో ఉన్న కడప బండను మించిన పీట లేదు. దాని మీద గరుకు కాగితం పరచి బద్దను నిలువునా రుద్దుతూ పోతే జిగురుకు కావలసిన చదును వచ్చేస్తుంది. అతికించాక పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి విల్లు పొడవునా బిగించి చుట్టాలి, అంత సమంగా అదిమే బిగింపు మరొకటి నాకు కనపడలేదు. మామూలు తెల్ల జిగురు ఎప్పుడూ వంపు భారం కింద ఉండే అతుకులో మెల్లమెల్లగా జరుగుతుంది కాబట్టి వెదురు బద్దకు రెండు గొట్టాల నుంచి కలుపుకునే ఎపాక్సీ జిగురే వాడాలి. అది కూడా ఎక్కువ వేడికి మెత్తబడుతుంది. మే నెల ఎండలో మూసి ఉన్న కారులో విల్లు పెట్టి పోవడమంటే అతుకును చేతులారా విప్పడమే.

నా మాట అడిగితే, మొదటి విల్లు చేసే పిల్లలకు వెదురు అసలు వద్దు, పచ్చితోలు వాడమంటాను. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేక తోలును శుభ్రం చేసి, సాగదీసి ఎండబెట్టి, వెలుతురు కనిపించేంత పలుచగా చేసే పద్ధతి తరతరాలుగా ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. అలా ఊన్చని, అంటే చర్మకారులు పదును చేయని ఎండుతోలే వింటి వీపుకు కావలసింది. చెప్పుల తోలు పనికిరాదు, అది రబ్బరులా సాగుతుందే గాని పేడును అదమదు. మిల్లీమీటరు లోపు మందం ఉన్న మేక పచ్చితోలును నీటిలో నానబెట్టి, వడ్రంగులు వజ్రమని పిలిచే తోలుజిగురుతో అతికించి, గుడ్డతో చుట్టి నీడన ఆరనిస్తే, అది ఆరేటప్పుడు బిగుసుకుని వీపును కరచుకుంటుంది. వజ్రాన్ని నేరుగా మంట మీద కాచకూడదు, వేడినీటి గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి, మరిగితే దాని పట్టు పోతుంది. ఇలాంటి తోలు వింటి బిగువును పెద్దగా మార్చదు, కడుపు మీద అదనపు భారం మోపదు, పేడును మాత్రం లేవనీయదు. ఒకవేళ విల్లు విరిగినా ముక్కలను వేలాడదీసి ఉంచుతుందే తప్ప ముఖం మీదికి ఎగరనీయదు. వేపకట్టెకు తగిన పట్టీ ఇదే. తోలుకు ఉన్న శత్రువు తేమ. వానలో తడిస్తే మెత్తబడి ఊడుతుంది, కనుక పైన వార్నిషో మైనమో తప్పక పూయాలి.

పట్టుగుడ్డ కూడా ఇదే కోవలోనిది. పాత ధర్మవరం చీర నుంచి జరీ లేని భాగాన్ని, పడుగు పోగు విల్లు పొడవునా ఉండేలా కత్తిరించి అతికించవచ్చు. పట్టు కట్టెకన్నా ఎన్నో రెట్లు సాగుతుంది కాబట్టి భారం మోయదు, పైపొరను మాత్రం కట్టి ఉంచుతుంది. తేలికపాటి విల్లుకు అంతే చాలు. నేసిన ఏ గుడ్డలోనైనా పోగు ఒకదాని మీదికి ఎక్కుతూ దిగుతూ వంకరగా ఉంటుంది, ఆ వంకర తీరేదాకా పోగు భారాన్ని అందుకోదు. భారం కూడా మోయాలనుకుంటే నేయని జనపనారను దువ్వి, వజ్రంలో ముంచి, తిన్నగా పక్కపక్కన పరచడం మేలు. అర్థశాస్త్రం అల్లెతాళ్ళకు, అంటే వింటినారులకు, చెప్పిన వాటిలో జనుము, జిల్లేడు, వెదురు, నరం ఉన్నాయి, ఇవేవీ మనకు కొత్త వస్తువులు కావు. నూలుగుడ్డ బలహీనం. గ్లాస్ ఫైబర్ పట్టీని వీపుకు ఒక్కదానికే వేస్తే వెదురుకన్నా మొండిగా కడుపును నలిపేస్తుంది, దాన్ని కట్టెకు రెండు వైపులా వేస్తారు, అప్పుడు అది కట్టె విల్లు అనిపించుకోదు.

నరం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్కే ఉంది, కానీ అది నాకు ఎంతో ఇష్టమైన పని. మేక కాలి మడమ పైన ఉండే నరాన్ని, అంటే స్నాయువును, ఎండబెట్టి రాతి మీద మెత్తగా దంచితే దారాల్లాంటి పోగులుగా విడిపోతుంది. ఆ పోగులను వజ్రంలో తడిపి వీపు మీద ఇటుకల వరుసలా అతుకులు ఒకచోట పడకుండా పరవాలి. కట్టె సుమారు ఒక శాతం సాగేసరికి తెగే స్థితికి వస్తుంది, నరం దానికి ఎన్నో రెట్లు సాగినా తెగదు. పైగా ఆరేటప్పుడు అది కుంచించుకుపోయి విల్లును ఎదురు దిక్కుకు వంచుతుంది. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెళుసు కట్టెతో విల్లు చేసి, నరంతో పేనిన తాళ్ళను దాని వీపున కట్టి బతికారంటే నరం మహిమ అర్థమవుతుంది. మన దేశంలో కొమ్మునూ కట్టెనూ నరాన్నీ కలిపి చేసిన విల్లులు శతాబ్దాల పాటు ఉన్నాయి. విష్ణువు విల్లుకు శార్ఙ్గమన్న పేరు కొమ్ము నుంచే వచ్చింది. అయితే నరం కట్టెకన్నా బరువైనది, కాబట్టి పొడుగు విల్లుకు వేస్తే రెక్కలు, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగాలు, మందగిస్తాయి. పొట్టి విల్లుకే దాని ఫలితం కనిపిస్తుంది. ఒక్కో పొర వారాల తరబడి ఆరాలి, తొందరపడి లాగితే శ్రమంతా వృథా. గాలిలో తేమ పెరిగితే నరం సడలుతుంది. ఒకసారి నేను ఇక్కడ చేసిన నరం విల్లును వానాకాలంలో నెల్లూరు తీసుకుపోతే నాలుగు రోజుల్లో దాని ఊపు సగం చచ్చింది, తిరిగి వచ్చాక పదిహేను రోజులకు మళ్ళీ కోలుకుంది. ఆ లెక్కన కోస్తాకన్నా మన పొడి గాలికే నరం పట్టీ నప్పుతుంది.

ఆ పొడి గాలికి మరో ముఖం కూడా ఉంది, వ్యాసంలో దాని ప్రస్తావన లేదు. విల్లుకట్టెలో తేమ ఎనిమిది నుంచి పది శాతం మధ్య ఉంటే బాగుంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా అనంతపురం వైపు, ఎండిన కట్టె అంతకన్నా కిందికి జారి పెళుసెక్కుతుంది. కోస్తాలో తేమ పట్టిన విల్లు వంగి ఉండిపోతే, మన దగ్గర పొడిబారిన విల్లు టప్పున వీపు వైపు విరుగుతుంది. అందువల్ల ఇక్కడ చేసే విల్లుకు పలుచని తోలు పట్టీ అయినా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. వేసవి మధ్యాహ్నాలలో లాగడం మాని, విల్లును నారి విప్పి లోపలి గదిలో, నేలకు దగ్గరగా, అడ్డంగా పెట్టుకోవాలి.

ఏ పట్టీ వేసినా, పురుగు తిన్న కట్టెనో, ముడి ఉన్న కట్టెనో, పగులు పారిన కట్టెనో కప్పిపుచ్చడానికి వేయకూడదు. తోలు కింద దాగిన పగులు కంటికి కనిపించదు కాబట్టి బయట ఉన్న పగులుకన్నా ప్రమాదం. పట్టీ వేయక ముందే కట్టెను నాలుగు వైపులా తడిగుడ్డతో తుడిచి చూస్తే పగులు ఉన్న చోట నీరు పీల్చుకుని నల్లగీతగా కనిపిస్తుంది.

వ్యాసంతో పాటు వేసిన బొమ్మలో ఒక విల్లు వీపుకు పాము చర్మం ఉంది. అది అలంకారమే, దానితో పేడు ఆగదు. పైగా కొండచిలువ, నాగుపాము వంటి పాముల చర్మాలూ జింక నరాలూ వాడడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బొమ్మ కింద ఆ మాట రాయనందువల్ల పిల్లలు దాన్ని అనుకరించే అవకాశం ఉంది. అలాగే ఎర్రచందనం జోలికి ఎవరూ పోకూడదని కడప జిల్లావాళ్ళకు ప్రత్యేకంగా చెప్పనక్కర లేదనుకుంటాను. వెదురు కూడా అడవిలో నరకడానికి అనుమతి కావాలి. పొలం గట్టున పెంచినది దొరికితే ఆ ఇబ్బంది లేదు, అడవి బయట పెరిగిన వెదురును 2017లో కేంద్ర అటవీ చట్టం నుంచి మినహాయించారు.

మీ వ్యాసకర్తను తప్పుపట్టాలన్నది నా ఉద్దేశం కాదు. ఆయన రాసిన మిగతా వివరాలు, ముఖ్యంగా రెక్కల వంపును సరిచూసే పద్ధతి, చాలా చక్కగా ఉన్నాయి. కానీ వేసవి శిబిరాలు మొదలయ్యే రోజులివి. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఎంతమంది పిల్లలు వేపకట్టెకు మందపాటి వెదురు బద్దలు అతికిస్తున్నారో అన్న బెంగ నన్ను వదలడం లేదు. కాబట్టి వచ్చే ఆదివారం అనుబంధంలోనే, అదే పేజీలో, అదే అక్షరాల పరిమాణంలో, వీపు పట్టీ బలం కడుపు కట్టె ఓర్పును మించకూడదన్న సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. కడుపు మీద అడ్డగీతలు పడిన విల్లు ఎలా ఉంటుందో చూపే ఒక ఫోటో కూడా దానితో వేస్తే మేలు. మా పిల్లవాడి విల్లు ముక్కలు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీ విలేకరి వస్తే ఫోటో తీసుకోవచ్చు. వాడి రెండో విల్లు కూడా అదే వేప దుంగలోంచి తీసినదే, దానికి మేకతోలు అతికించి అటక మీద ఆరబెట్టాం.

ఇట్లు,
విశ్రాంత వడ్రంగ బోధకుడు,
కడప